కొండెక్కిన బొగ్గు



రేడియోలో బొమ్మల గురించి మాట్లాడమనడం ఫోనులో పులిహోర వడ్డించమనడం లాంటిది. అయినా ఒప్పుకున్నాను. నేను చెప్పబోయే బొమ్మల్లో రంగులు లేవు కదా, అదీ నా ధైర్యం. నలుపు, తెలుపు, ఆ రెండింటి మధ్య బూడిద ఛాయలు, అంతే. కళ్ళు మూసుకున్నా కనిపించే సరుకు.

ఊరిని పైనుంచి చూస్తున్నట్టుగా బొగ్గుతో గీయడం ఇవాళ్టి విషయం. విహంగ వీక్షణం అన్న మాట మీరు రేడియోలో వందసార్లు విని ఉంటారు. వారం వార్తల మీద విహంగ వీక్షణం, ఏడాది సాహిత్యం మీద విహంగ వీక్షణం. పైపైన ఎగిరిపోవడమే దాని అర్థమైనట్టు వాడేస్తున్నాం. పాపం, పక్షి అలా చూడదు. గద్ద ఆకాశంలో గిరికీలు కొడుతూనే కోడిపిల్ల ఏ పెరట్లో ఉందో పసిగడుతుంది. మన పైపై చూపులకి దాని పేరు పెట్టడం అన్యాయం.

ఊరిని పైనుంచి చూడాలన్న కోరిక విమానాలతో పుట్టింది కాదు. లంక నుంచి తిరిగొస్తూ రాముడు పుష్పకంలోంచి సీతకి దారిపొడవునా ఒక్కొక్క చోటూ చూపిస్తాడు. కాళిదాసు యక్షుడు మేఘానికి దారి చెబుతూ, కాస్త చుట్టు తిరుగుడైనా సరే ఉజ్జయిని మేడలు చూడకుండా పోవద్దంటాడు. మన పెద్దన ప్రవరుడి కాళ్ళకి పసరు పూయించి హిమాలయానికి పంపించాడు. ఆ పసరు మంచుకి కరిగిపోయి, తిరిగి ఇల్లు చేరే దారిలేక ఆయన పడ్డ అవస్థ తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. బొగ్గు బొమ్మకీ ఆ కాలిపసరుకీ ఒక పోలిక ఉంది. దాని సంగతి తర్వాత.

కవికి పసరు చాలు. బొమ్మ గీసేవాడికి కాలు ఆనించే చోటు కావాలి. 1500లో వెనిస్ నగరం బొమ్మ ఒకటి అచ్చయింది. గీసినవాడు జాకొపొ దె బార్బరి. చెక్క దిమ్మెల మీద చెక్కి, ఆరు కాగితాల మీద అచ్చు తీసి కలిపితే దాదాపు 2.8 మీటర్ల వెడల్పు, 1.3 మీటర్ల ఎత్తు. మూడేళ్ళ పని. సముద్రం మీద ఎక్కడో ఆకాశంలో నిలబడి చూస్తే ఊరంతా కాళ్ళకింద పరుచుకున్నట్టు ఉంటుంది. మనిషి బెలూన్‌లో ఎగరడానికి అప్పటికింకా 283 ఏళ్ళుంది. అంటే ఆ చోటునుంచి వెనిస్‌ని చూసిన మనిషి లేడు. ఊళ్ళోని గంటగోపురాలెక్కి, ఒక్కొక్క దానిమీంచి కనిపించినంత మేర గీసుకొచ్చి, అన్నిటినీ ఒకే చూపుగా కుట్టి ఉంటారని చరిత్రకారుల అంచనా. నిలబడ్డ చోటు కల్పన. కనిపించేది మాత్రం నిజం. ఎంత నిజమంటే, సెయింట్ మార్క్ గంటగోపురం పైకప్పు 1489లో పిడుగుపడి కాలిపోతే, బొమ్మలో దాన్ని తాత్కాలికపు కప్పుతోనే చూపించారు. తర్వాత గోపురం బాగుచేశాక దిమ్మెలో ఆ ముక్క మార్చి మళ్ళీ అచ్చువేశారు. ఇంటికి రిపేరైతే బొమ్మకీ రిపేరన్నమాట.

మన దేశంలో మజహర్ అలీ ఖాన్ అనే చిత్రకారుడు 1846లో ఢిల్లీ ఎర్రకోట లాహోరీ గేటు మీంచి చుట్టూ కనిపించిన నగరాన్నంతా నీటిరంగుల్లోకి దింపాడు. పదకొండేళ్ళకి తిరుగుబాటు వచ్చింది. అది అణిగాక ఇంగ్లీషువాళ్ళు కోట చుట్టుపక్కల చాలాభాగం నేలమట్టం చేశారు. ఇవాళ ఆ ఇళ్ళు కాగితం మీదే ఉన్నాయి.

ఇవన్నీ సన్నగీత పనులు. కిటికీకి కిటికీ, కప్పుకి కప్పు లెక్కపెట్టి వేసినవి. బొగ్గు ఆ పని చెయ్యలేదు. దాని మొన చిటికెనవేలి గోరంత. పైనుంచి చూసిన ఊళ్ళో ఒక్కో ఇల్లు కాగితం మీద కందిబద్దంత. ఆ కందిబద్దలో కిటికీ పెట్టబోతే అది మసి అవుతుంది. మరి ఇంత మొద్దు పనిముట్టుతో అంత పెద్ద ఊరిని గీయడమేమిటి, బుద్ధుందా అని మీరు అడగవచ్చు. నలభై ఏళ్ళ క్రితం నేనూ అడిగాను. ఇప్పుడు నా సమాధానం ఏమిటంటే, ఆ మొద్దుతనం కోసమే. అది కిటికీ వెయ్యనివ్వదు కాబట్టి ఊరి ఒళ్ళు వేసుకోవాల్సి వస్తుంది.

బొగ్గు అంటే కుంపట్లో వేసేదే, కానీ కాస్త సుకుమారం. పుల్లల్ని డబ్బాలో కుక్కి, గాలి చొరకుండా మూత చుట్టూ మట్టి మెత్తి, నిప్పుల్లో పెడితే అవి మండకుండా మాగి నల్లబడతాయి. విదేశాల్లో విల్లో పుల్లలు, ద్రాక్ష తీగలు వాడతారు. మన దగ్గర శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు చింతపుల్లలు కాల్చిన బొగ్గుతోనే గుడ్డ మీద ముందుగా బొమ్మ గీసుకుంటారు. తర్వాత కలం పట్టి సిరా దిద్దాక ఆ బొగ్గు దులిపితే పోతుంది. నేనూ చింతపుల్లలతోనే మొదలుపెట్టాను. అంతకుముందు ఇస్త్రీ బండి దగ్గర ఏరుకొచ్చిన తుమ్మబొగ్గుతో ప్రయత్నించి రెండు డజన్ల కాగితాలు చింపుకున్నాను. అది గీయదు, గీరుతుంది.

పుల్లబొగ్గులో జిగురు ఉండదు. కాగితం గరుకులో పొడి చిక్కుకుని కూర్చుంటుంది, అంతే. నున్నటి కాగితం మీద నిలవదు. ఊదితే కొంత పోతుంది, గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది, మెత్తటి పుట్టీ రబ్బరు అద్దితే దాదాపు అంతా లేచి వస్తుంది. పెన్సిలు వాడేవాళ్ళకి ఇది లోపంలా కనిపిస్తుంది. ఊరి బొమ్మకి ఇదే ప్రాణం.

మీ ముందొక పెద్ద కాగితం ఉందనుకోండి. బొగ్గుని నిలబెట్టి పట్టుకోకండి, పడుకోబెట్టి లాగండి. కాగితమంతా, ఈ చివర్నుంచి ఆ చివరికి. ఇప్పుడు పాత నూలుగుడ్డతో రుద్దండి. కాగితమంతా మబ్బుపట్టిన సాయంత్రంలా అయింది కదా? అదే మీ ఊరు. ఇంకా తెల్లవారలేదు. ఇప్పుడు పుట్టీ రబ్బరుని చలిమిడిలా పిసికి, అంచు పలచగా చేసి, ఒక చోట అద్ది ఎత్తండి. తెల్లటి డాబా ఒకటి తేలింది. పక్కనే ఇంకొకటి. రెండింటి మధ్య మీరు ముట్టుకోకుండా వదిలేసిన నల్లటి సందు ఉంది చూడండి, అదే వీధి. వీధిని మీరు గియ్యలేదు. ఇళ్ళు తెల్లారితే వీధి దానంతటదే మిగిలింది. ఇలా ఊరిని గియ్యడం కన్నా తుడవడం ఎక్కువ.

పూర్వం ఈ పనికి రబ్బరు లేక రొట్టె మెత్తటి భాగం వాడేవారు. నేనొకసారి ఇడ్లీతో ప్రయత్నించాను. ఫలితం చెప్పుకోదగ్గది కాదు.

ఈ నల్లదనంలోంచి నగరాన్ని బయటికి లాగే విద్యలో నా గురువు, నేను కళ్ళతో చూడని గురువు, హ్యూ ఫెరిస్. 1889లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. ఆర్కిటెక్చర్ చదువుకున్నాడు. న్యూయార్కు వెళ్ళి ఊల్‌వర్త్ భవనం కట్టిన కాస్ గిల్బర్ట్ దగ్గర కొన్నాళ్ళు పనిచేశాడు. 1915 నుంచి సొంతంగా ఇతర ఆర్కిటెక్టుల భవనాలకి బొమ్మలు వేసిపెట్టడమే వృత్తి. తాను డిజైన్ చేసి పేరు తెచ్చుకున్న భవనం ఒక్కటీ లేదు. కానీ ఆకాశహర్మ్యం అనగానే మన కళ్ళముందు మెదిలే ఆకారం, చీకట్లో కింద నుంచి వెలుతురు తగిలి మెట్లుమెట్లుగా పైకి లేచిన కొండలాంటి ఆకారం, చాలావరకు ఆయన చేతి మసే.

ఆయన కథలో నాకు బాగా నచ్చేది ఒక మున్సిపాలిటీ చట్టం. నవ్వకండి. 1915లో న్యూయార్కులో ఈక్విటబుల్ బిల్డింగ్ లేచింది. 38 అంతస్తులు, ఎక్కడా వెనక్కి తగ్గకుండా వీధి అంచు నుంచి నిటారుగా గోడలాగా. దాని నీడ సుమారు ఏడెకరాల మీద పడేదని అప్పటి లెక్క. చుట్టుపక్కలవాళ్ళు గగ్గోలు పెట్టారు. 1916లో చట్టం వచ్చింది. వీధి వెడల్పుని బట్టి ఇంత ఎత్తు దాకా నిటారుగా కట్టుకో, ఆపైన లోపలికి తగ్గుతూ పో, స్థలంలో నాలుగోవంతు మీద మాత్రం ఎంత ఎత్తైనా లేపుకో అని దాని సారాంశం. చదివితే అర్థమైనట్టే ఉంటుంది. కట్టబోతే ఏ ఆకారం వస్తుందో ఎవరికీ తోచలేదు.

1922లో హార్వీ విలే కార్బెట్ అనే ఆర్కిటెక్టు ఆ లెక్కలు ముందేసుకుని కూర్చుంటే, ఫెరిస్ నాలుగు బొమ్మలు వేశాడు. మొదటి దానిలో ఒక వీధిచదరం మీద చట్టం ఒప్పుకునే గరిష్ఠ ఆకారం ఉంటుంది. కిటికీలు లేవు, తలుపులు లేవు, అంతస్తుల గీతలు లేవు. ఏటవాలు పక్కలతో, చీకట్లో నిలబెట్టిన పటికముక్కలాంటి కొండ. రెండోదానిలో లోపలికి వెలుతురు రావడానికి ఆ ముద్దని కోశాడు. మూడోదానిలో ఏటవాలు పక్కలు మెట్లయ్యాయి, ఎందుకంటే వాలుగోడతో ఇనుప చట్రం కట్టడం ఖర్చు. నాలుగోది భవనం. శిల్పి ముందు పెట్టిన బంకమట్టి ముద్దలా ఆలోచించాడాయన. కట్టేవాళ్ళకి చట్టం ఏం చెబుతోందో అప్పుడు కళ్ళకి కట్టింది.

ఆ మొదటి బొమ్మని కలంతో వేసి ఉంటే ఏమయ్యేది? కలం ఖాళీగా ఊరుకోదు. ఇంత పెద్ద గోడ వేశావు, కిటికీ ఏదీ అని నిలదీస్తుంది. కిటికీ పెడితే అది భవనమైపోతుంది, చట్టం ఆకారం కాకుండా పోతుంది. బొగ్గు కాబట్టి ముద్ద ముద్దలాగే ఉండగలిగింది.

ఆయన పద్ధతి కూడా నేనిందాక చెప్పినదాని తోబుట్టువే. ముందు కాగితానికి మసి పట్టించడం, కాగితపు చుట్టతో రుద్దడం, నల్లపెన్సిలుతో అంచులు బిగించడం, పుట్టీ రబ్బరుతో వెలుతురు తియ్యడం. మరీ మెరవాల్సిన చోట బ్లేడుతో గీకడం. 1929లో ఈ బొమ్మలతో రేపటి మహానగరం అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేశాడు. మొదట్లో తెల్లవారుజామున మంచు కమ్మిన న్యూయార్కుని మేడమీంచి చూడడం ఉంటుంది. మంచులోంచి ఒక్కొక్క శిఖరమే తేలుతుంది. చివర్లో తన ఊహానగరాన్ని ఆకాశం నుంచి చూపిస్తాడు. వ్యాపారానికి ఒక పేట, కళలకి ఒక పేట, శాస్త్రాలకి ఒక పేట. అదే ఏడాది అక్టోబరులో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఆ శిఖరాలు చాలావరకు పుస్తకంలోనే ఉండిపోయాయి.

గురువే అయినా ఒక మాట చెప్పాలి. ఆ ఊహానగరంలో కాపురముండమంటే నేనుండను. పైనుంచి ఎంత వెతికినా బట్టలారేసుకునే దండెం ఒక్కటి కనిపించదు. మనుషులున్నా చీమలంతే. నల్లరంగుకి ఆ అహంకారం ఉంది. ఏది గంభీరంగా కనిపిస్తుందో దాన్ని ఉంచి, ఏది చిల్లరగా కనిపిస్తుందో దాన్ని మింగేస్తుంది.

ఈ చిల్లరని ప్రేమించిన చిత్రకారిణి కూడా ఉంది. ఇవాన్ జాకెట్, అమెరికా ఆవిడ, 2023లో పోయింది. 1969లో విమానంలో కిటికీ పక్కన కూర్చుని మబ్బులు గీయడంతో మొదలై, తర్వాత చిన్న విమానాలు అద్దెకి తీసుకుని, ఎత్తు మేడల్లో గదులు సంపాదించి రాత్రి నగరాలు గీసింది. పార్కింగు స్థలాలు, పెట్రోలు బంకులు, ఎర్రదీపాల కార్లు. నూనెరంగులూ పాస్టెల్సూ ఎక్కువ, బొగ్గు పనీ ఉంది.

ఇంక మన ఊరికొద్దాం. నాకు విమానం లేదు. బెజవాడలో గాంధీకొండ ఉంది. మొదటిసారి బోర్డు చంకన పెట్టుకుని ఎక్కినప్పుడు పాఠం ఒకటి కొండే చెప్పింది. క్షితిజరేఖ ఎప్పుడూ మన కంటి ఎత్తులోనే ఉంటుంది. స్టేషను ముందు వీధిలో నిలబడ్డప్పుడు ఇళ్ళన్నీ ఆ రేఖని దాటి తలెత్తుకుని ఉంటాయి. మెట్లెక్కుతుంటే ఆ రేఖ కూడా మీతోపాటే కొండెక్కుతుంది, ఇళ్ళు ఒక్కొక్కటే దాని కిందికి మునుగుతాయి. పైకి చేరేసరికి అది కాగితం పై అంచు దగ్గరుంటుంది, మిగతా కాగితమంతా నేలే. దూరాన ఏ టవరైనా ఆ రేఖని సరిగ్గా తాకుతోందంటే అది మీ కంటితో సమానమైన ఎత్తన్నమాట. దీపం కొండెక్కడం మనకి అశుభం గానీ, బొగ్గు కొండెక్కడం మాత్రం మంచిదే.

పొద్దున ఆరున్నర, ఏడు మధ్య గియ్యాలి. అప్పుడు నీడలు పొడుగ్గా ఉంటాయి, ఇళ్ళ ఎత్తు తెలుస్తుంది. పన్నెండింటికి ఊరంతా అప్పడంలా చదునైపోతుంది. కొండకింద రైల్వేస్టేషను. పట్టాల మధ్య కంకర ముదురు నలుపు, పట్టాలు మాత్రం తళుక్కుమనే గీతలు, రబ్బరు అంచుతో ఒక్క లాగు. మూడు కాలవలు, ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ, నల్లటి ఇళ్ళ మధ్య తెల్లటి దారాలు. దక్షిణాన కృష్ణ, దానికడ్డంగా బ్యారేజీ. ఈ డాబాల మీద నల్లటి నీళ్ళ ట్యాంకులుంటాయి చూశారూ, వాటికి నేను రుణపడి ఉన్నాను. ఎక్కడైనా దాదాపు ఒకే సైజు. దగ్గర డాబా మీద మిరియంగింజంత చుక్క, దూరాన ఆవగింజంత, ఇంకా దూరాన గసగసాలంత. ఆ చుక్కలు పడగానే ఎంత దూరమో చూసేవాడికి తెలిసిపోతుంది.

ఆ మొదటిసారి వేసిన బొమ్మని చుట్టచుట్టి సిటీబస్సెక్కాను. బొగ్గు కదలకుండా ఫిక్సేటివ్ అనే మందు చిమ్మాలి. పూర్వం పాలు కూడా వాడేవారు. వాన్‌గో తన పెన్సిలు బొమ్మల మీద పాలూ నీళ్ళూ పోసేవాడు. నా దగ్గర ఆ రోజు మందూ లేదు, పాలూ లేవు. బస్సు నిండా జనం. ఇంటికొచ్చి చుట్ట విప్పితే కృష్ణలో నీళ్ళు లేవు, వన్‌టౌన్ మొత్తం నా చొక్కా మీదుంది. ప్రవరుడి కాలిపసరు అన్నది ఇందుకే.

రెండోసారి మందు డబ్బా సంచీలో పెట్టుకునే వెళ్ళాను. బాగా వచ్చింది. చిట్టినగర్ వైపు కొండవాలు మీద ఇళ్ళు మరీ దట్టంగా, ఒకదాని నెత్తిన ఒకటి ఉన్నట్టుంటాయి. వాటి లెక్క తేల్చలేక ఆ మూలని గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాను. దూరపు మంచులా కుదిరింది. నాకు నేనే మెచ్చుకున్నాను.

పైన టీ అమ్మే ఆవిడ నేను గ్లాసు తిరిగివ్వకపోయేసరికి తనే వచ్చి వెనకాల నిలబడింది. కాసేపు చూసింది.

"స్టేషను బాగుందండి మాస్టారూ. కాలవ కూడా. మా ఇల్లేదండి?"

"ఎటువైపమ్మా?"

"అదిగోనండి, ఆ కొండమీద."

"ఆ పక్కంతా మంచులో పోయిందమ్మా."

"మంచెక్కడండి, తెల్లారినకాణ్ణుంచీ ఎండ మాడిపోతుంటే?"

నేనేం మాట్లాడలేదు. ఈ తుడుపుని పొద్దుట్నుంచీ నేను కళ అనుకుంటున్నాను. ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుని, నేను వారించేలోపే వేలు పెట్టింది. "ఇదిగో ఇక్కడండి. మా ఇంటి పైనే మా ఆడబిడ్డావాళ్ళది." వేలు ఎత్తేసరికి ఆ బూడిదలో గోరంత తెల్లమచ్చ తేలింది, వేలిగీతలతో సహా. అయ్యయ్యో అనుకుంటూ ఆవిడ నల్లబడ్డ వేలు చూసుకుంది.

పరవాలేదన్నాను. ఆ మచ్చకి పైన, ఆడబిడ్డగారికని, రబ్బరుతో ఇంకోటి అద్దాను. రెండింటికీ చెరొక ట్యాంకు పెట్టబోతే, తమకి ట్యాంకు లేదని, కుళాయి నీళ్ళేనని చెప్పింది. మానేశాను. డబ్బా బాగా ఊపి, మూరెడు దూరం నుంచి మందు చిమ్మాను.

ఆ బొమ్మ ఇప్పటికీ మా ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్ళు ముందు వాళ్ళ పేట ఎక్కడుందో వెతుక్కుంటారు. తర్వాత ఆ మచ్చేమిటని అడుగుతారు. టీ కొట్టావిడ ఇల్లని చెబుతాను.